షెల్ఫు నిండా సరుకు, అడిగింది మాత్రం లేదు

(నెల్లూరులో బట్టల షాపుల మేనేజర్లను, కొత్తగా కొట్టు పెట్టబోయేవాళ్లను ఉద్దేశించి చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక కుర్చీల్లో వాళ్లకు వినపడతా ఉందా? సరే.

బట్టల వ్యాపారం గురించి మాట్లాడమంటే ఎక్కువమంది 'కస్టమరు దేవుడు' దగ్గర ఎత్తుకుంటారు. ఆ దేవుడు ట్రంకురోడ్డులో మూడు షాపులు తిరిగి మన మెట్లెక్కుతాడు. ముప్పై చొక్కాలు దించి చూస్తాడు. ఒకటి నచ్చుతుంది. 'ఇది నలభై సైజులో ఇవ్వబ్బయా' అంటాడు. మనవాడు ర్యాకంతా వెతికి 'లేదన్నా, నలభైనాలుగు ఉంది' అంటాడు. దేవుడు మెట్లు దిగిపోతాడు. నేను ఆ 'లేదు' దగ్గర మొదలుపెడతాను. షాపు మేనేజరుకు ఉన్న చికాకుల్లో సగం ఆ మాటలోనే ఉన్నాయి. ఈ పనిలో దొరికే తృప్తి కూడా ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది.

ఒక లెక్క చూడండి. ముప్పై డిజైన్ల చొక్కాలు తెప్పించారు. హోల్‌సేలరు సెట్టు పగలగొట్టడు కదా, ఒక్కో డిజైన్లో 38, 40, 42, 44 తలా ఒకటి పంపాడు. మొత్తం 120 చొక్కాలు. నెల తిరిగేసరికి 60 అమ్ముడుపోయాయి. ఓనరు కంప్యూటర్లో చూసి 'సగం సరుకు నెలలో పోయిందే' అని సంబరపడతాడు. కానీ పోయిన 60లో 40 సైజు ముప్పై, 42 సైజు ముప్పై. మిగిలిన 60 మొత్తం 38, 44. కొంచెం అటూఇటూగా ప్రతి షాపులోనూ జరిగేది ఇదే. ఇప్పుడు షెల్ఫు నిండుగా ఉంది, పుస్తకంలో అరవై చొక్కాలున్నాయి, కానీ మామూలు ఒడ్డూపొడుగున్న మనిషికి ఆ షాపులో చొక్కా లేదు. ఈలోగా ఓనరు అంటాడు, 'అరవై ఉన్నాయి కదా, అవి పోయాక కొత్తవి తెద్దాం' అని. అవి పోవు. అవి పోతాయని కూర్చుంటే రెండో నెల అమ్మకం పది చొక్కాలకు పడిపోతుంది.

దీన్ని మన వ్యాపారంలో కట్ సైజులు అంటాం. దీనికి మందు కొనేటప్పుడే వేసుకోవాలి. ముప్పై డిజైన్ల బదులు ఇరవై తీసుకోండి. ఒక్కోదాంట్లో ఆరు చొక్కాల సెట్టు, 38 ఒకటి, 40 రెండు, 42 రెండు, 44 ఒకటి. అప్పుడూ 120 చొక్కాలే, పెట్టుబడి అంతే. ఏజెంటు ఒప్పుకోడు, 'సార్, కంపెనీ సెట్టు ఇంతే' అంటాడు. అట్లాంటప్పుడు అదే డిజైను రెండు సెట్లు తీసుకుని, 38, 44 మిగిలితే తిరిగి తీసుకునేలా, లేదా సైజు మార్చి ఇచ్చేలా ఆర్డరు కాయితం మీదే రాయించుకోండి. నోటిమాట వద్దు. సీజన్లో ఆ ఏజెంటు ఫోనే ఎత్తడు.

ఇంకొకటి, ఇప్పటికే కట్ అయిన సరుకును డిజైన్ల వారీగా పెట్టొద్దు, సైజుల వారీగా పెట్టండి. 44 అంతా ఒకే ర్యాకు. లావుగా ఉండే మనిషి షాపుకు రావాలంటేనే మొహమాటపడతాడు, ప్రతి చోటా 'మీ సైజు లేదు' అని వినీ వినీ. ఆయన్ని తిన్నగా ఒక ర్యాకు దగ్గరికి తీసుకెళ్లి 'ఇవన్నీ మీకు సరిపోయేవే' అని చూపించండి, ఒకటి కొనడానికి వచ్చినవాడు మూడు తీసుకుంటాడు. పిల్లల బట్టల్లో ఈ సైజుల గోల ఇంకా ఎక్కువ. గౌన్లు 16 నుంచి 36 దాకా రెండేసి అంగుళాల తేడాతో పదకొండు సైజులు. అక్కడ డిజైన్లు ఇంకా తగ్గించుకోవాల్సిందే.

ఇక సరుకు ఎప్పుడు తేవాలి. ఇది మన జిల్లాల్లో ఎవరి దగ్గరో నేర్చుకుంటే వచ్చేది కాదు, మన కాలువల్లో నీళ్లు, మన పంచాంగం, రెండూ చూసుకోవాలి. నెల్లూరు చుట్టూ ఉన్న మాగాణికి పెద్ద కోత మార్చి, ఏప్రిల్ నెలల్లో. వడ్ల డబ్బు చేతికి రావడానికి, పెళ్లి ముహూర్తాలకు అప్పుడే జత కుదురుతుంది. ప్రకాశంలో పొగాకు వేలం ఆ సమయానికి మొదలై నెలల తరబడి సాగుతుంది, ఆ డబ్బు రైతు ఖాతాలోకి విడతలుగా పడుతుంది. అందుకని ఒంగోలు వైపు కొనుగోలు ఒక్కసారి ఉప్పెనలా రాదు, సాగుతా ఉంటుంది. అక్కడి షాపుకు సరుకు కూడా విడతలుగానే వెళ్లాలి. నెల్లూరు ప్రణాళికను ఒంగోలు బ్రాంచికి జిరాక్సు తీసి పంపితే ఒక చోట కొరత, ఇంకో చోట గుట్ట.

పంచాంగం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఇక్కడే ఎక్కువమంది దెబ్బ తింటారు. 2025లో శ్రావణం జూలై 25న మొదలైంది. 'పోయినేడు తారీఖుకే ఆర్డరు పెట్టు' అని 2026కు కూడా జూలై మొదటివారంలో కంచి, ధర్మవరం సరుకు దించుకున్నారనుకోండి. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది, మే 17 నుంచి జూన్ 15 దాకా. దాంతో తర్వాతవన్నీ వెనక్కి జరుగుతాయి, శ్రావణం ఆగస్టు 13న గానీ రాదు. దీపావళి 2025లో అక్టోబరు 20న అయితే 2026లో నవంబరు 8. అంటే పట్టుచీరల మీద పెట్టిన డబ్బు ఇరవై రోజులు ఊరికే కూర్చుంటుంది, వడ్డీ మాత్రం కూర్చోదు. రంజాన్ దీనికి తలకిందులు, ఏటా పదీ పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2026లో ఉగాది మార్చి 19 అయితే రంజాన్ పండుగ కూడా అదే వారంలో పడింది. రెండు పండుగలకు కొనేవాళ్లు ఒకే పది రోజుల్లో మెట్లెక్కుతారు, స్టాఫు అదే, ట్రయల్ రూములు అవే నాలుగు. ఇట్లాంటి ఏడాదికి తాత్కాలిక స్టాఫును నెల ముందే మాట్లాడుకోవాలి. బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ మొహర్రంలో, అదీ అట్లాగే జరుగుతుంది. ఆ రోజుల్లో బయటి ఊళ్ల జనం వస్తారు, ఖరీదు చీరలు కొనరు. పిల్లల గుడ్డలు, తువ్వాళ్లు, దుప్పట్లు పోతాయి. కింది అంతస్తులో అవి పెట్టుకోవాలి.

మూఢం, ఆషాఢం, ధనుర్మాసం, అధికమాసం. ఈ నాలుగూ గోడమీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి. పెళ్లిళ్లు లేని రోజుల్లో యూనిఫారాలు, రోజువారీ వాడకం చీరలు, లోదుస్తులు అద్దె కడతాయి. వాటిని చిన్నచూపు చూడొద్దు.

పంచాంగం అయ్యాక వాన. మనకు వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనంలో పడుతుంది. మిగతా రాష్ట్రం దీపావళికి కొత్తబట్టలు కొంటుంటే మన ఊళ్లో తుపాను హెచ్చరిక. 2015 నవంబరులో, 2021 నవంబరులో వరదలకు ఏం జరిగిందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. సెల్లారులో స్టాకు పెట్టేవాళ్లు సెప్టెంబరు ఆఖరుకల్లా పై అంతస్తుకు ఎక్కించండి. చోటు లేదంటారా, కనీసం నేలకు అడుగు ఎత్తున చెక్కబల్లల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టండి. గోడకు ఆనిన బేలు, అంటే బట్టల కట్ట, వరద లేకపోయినా చెమ్మ పీల్చుకుంటుంది, మడతల్లో బూజు వస్తుంది. పట్టుచీరను ప్లాస్టిక్ కవరులో నెలలకొద్దీ ఉంచితే జరీ నల్లబడుతుంది, పల్చటి నూలుగుడ్డలో చుట్టాలి. నాఫ్తలీన్ ఉండలు జరీకి తగలకూడదు. రెండు మూడు నెలలకొకసారి మడత మార్చాలి, లేకపోతే మడత గీత మీద పట్టు చిట్లుతుంది. చిట్లిన చీరను ఏ డిస్కౌంటూ అమ్మలేదు.

సరుకు దిగినప్పుడు చేయాల్సిన పని ఒకటుంది, బద్ధకించి వదిలేస్తారు. సూరత్ బేలు వస్తే ప్రతి లాటు నుంచి రెండు మూడు చీరలు తీసి టేపుతో కొలవండి. చీర అయిదున్నర మీటర్లు, జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు, మొత్తం 6.3 ఉండాలి. చవక రకాల్లో అరమీటరు కోత పెట్టి పంపుతారు. మన దగ్గర తెలియదు. కుచ్చిళ్లు చాలక ఆ తల్లికి ఇంట్లో తెలుస్తుంది, లేదా జాకెట్టు ముక్క చాలదని దర్జీ చెబుతాడు. అప్పుడు ఏజెంటుతో గొడవ పడటానికి బిల్లు వయసు మూడు నెలలు. పంచెలు కూడా అంతే. ఎనిమిది మూరలంటే సుమారు 3.6 మీటర్లు, కండువా నాలుగు మూరలు. పెళ్లికొడుకు పంచె కురచైతే ఆ ఇంటి మాట పదేళ్లు వినపడుతుంది.

ధర దగ్గరికి వద్దాం. ఆరువందలకు కొన్న చొక్కా మీద వెయ్యి రూపాయల ధర వేశారు. అందులో 5 శాతం జీఎస్టీ కలిసే ఉంది, 47 రూపాయల 62 పైసలు పక్కన పెట్టండి. మీకు మిగిలేది 352. ఆ వెయ్యి మీద ఇరవై శాతం తగ్గించి 800కు ఇస్తే మిగిలేది 162. ఇరవై శాతం తగ్గించామనుకుంటున్నారు, లాభంలో సగం కన్నా ఎక్కువ ఇచ్చేశారు. పది చొక్కాలు అమ్మిన చోట ఇరవై రెండు అమ్మితే గానీ పాత లాభం రాదు. అద్దె, కరెంటు, జీతాలు ఇంకా తీయలేదు నేను. అట్లాగని పట్టుకుని కూర్చుంటే? ఆరువందల మీద నూటికి రూపాయిన్నర వడ్డీ వేసుకున్నా నెలకు తొమ్మిది, ఏడాదికి 108. పైగా ఆ హ్యాంగరు మీద కొత్త చొక్కా వేలాడాల్సింది.

కాబట్టి తగ్గించేదేదో వయసు చూసి తగ్గించండి. ప్రతి నెల సరుకుకు ఒక రంగు స్టిక్కరు. మూడు నెలలు దాటిన రంగు కనిపిస్తే ముందు చోటు మార్చండి. కంటికి ఆనకపోవడం వల్లే సగం ఆగిపోతాయి. అయిదో నెలకు కదలకపోతే పది శాతం. ఆర్నెల్లకు ముప్పై. ఏడాది దాకా ఆగి ఆషాఢం సేల్లో అన్నీ కలిపి పోసేస్తే అందులో నిన్న వచ్చిన మంచి సరుకు కూడా చవకగా పోతుంది, పాతది మళ్లీ మిగులుతుంది.

జీఎస్టీలో ఒక గీత ఉంది, దాన్ని తొక్కకుండా ధర వేయడం మేనేజరు పని. 2025 సెప్టెంబరు 22 నుంచి కుట్టిన బట్టలకు ఒక్కోదానికి 2,500 దాకా 5 శాతం, దాటితే 18. పన్ను కలపకముందు ధర 2,500 అయితే కస్టమరు కట్టేది 2,625. అదే 2,600 వేశారనుకోండి, 3,068 అవుతుంది. మీరు పెంచింది వంద, ఆయన కట్టేది 443 ఎక్కువ. అందుకని 2,500కు కొంచెం పైన ధర వేసుకోవడం శుద్ధ దండగ. కిందకైనా దించండి, లేదా అంత విలువ కనిపించే సరుకైతే బాగా పైకైనా వెళ్లండి. కుట్టని చీరకు ఈ గీత లేదు, ఇరవై వేల పట్టుచీర అయినా 5 శాతమే. అదే ఇరవై వేల లెహంగాకు 18. పెళ్లివాళ్లు రెండూ ఒకే బిల్లులో చూసి 'దీనికొక లెక్క, దానికొక లెక్కా?' అని కౌంటరు మీద చెయ్యి చరుస్తారు. క్యాషు దగ్గర కూర్చునే అమ్మాయికి ఈ తేడా రెండు ముక్కల్లో చెప్పడం నేర్పండి, లేకపోతే తిట్లు ఆ పిల్లకు.

బాకీల విషయం చిన్నగా చెప్పి వదిలేస్తా. తొంభై రోజుల అప్పు మన రంగంలో మామూలు. కానీ మీకు సరుకు ఇచ్చేవాడు చిన్న పరిశ్రమలకు ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషను ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారు అయితే రాతపూర్వక ఒప్పందం లేనప్పుడు 15 రోజుల్లో, ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో కట్టాలి. ఆలస్యమై మార్చి 31 దాటితే ఆ కొనుగోలు ఖర్చు ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో ఒప్పుకోరు, కట్టిన ఏడాదిలోనే ఒప్పుకుంటారు. నడుమ వ్యాపారి దగ్గర కొంటే ఇది వర్తించదు. మీ ఆడిటరుతో ఫిబ్రవరిలోనే కూర్చోండి.

ఇప్పుడు మనుషులు. పెళ్లి బట్టలకు వచ్చే కుటుంబం అంటే ఎనిమిది మంది. అందులో నిర్ణయించేది ఒకరు, డబ్బు ఇచ్చేది ఇంకొకరు, వద్దనేది మూడో మనిషి. ఆ మూడో మనిషి తరచుగా మేనత్తో పెద్దమ్మో. 'ఏందమ్మా ఇది, మొన్న మద్రాసులో ఇంతకన్నా తక్కువకు చూశాం' అనేది ఆమే. టీ నగర్ మనకు నూటడెబ్బై, నూటఎనభై కిలోమీటర్లు, పొద్దున పోయి రాత్రికి రావచ్చు. ఆ పోలిక తప్పదు. అక్కడి రకాలతో పోటీ పడలేం. ఫాల్, పీకో, జాకెట్టు కుట్టు, బంధువులకు పెట్టే పెట్టుబడి చీరలు మార్చి ఇవ్వడం, ఇవి మాత్రం ఊరిలో ఉన్న షాపే చేయగలదు. అరవై చీరలు విప్పి చూపించి, ఒక్కటీ కొనకుండా 'ఆలోచించుకుని వస్తాం' అని లేచిపోయారనుకోండి. ఒక్కో చీర సరిగ్గా మడవడానికి రెండు నిమిషాలు వేసుకున్నా రెండు గంటల పని. స్టాఫు మొహం అప్పుడు మాడిపోతుంది, లేస్తున్నవాళ్లు ఆ మొహం చూస్తారు, మళ్లీ రారు. మేనేజరు ఆ సమయంలో చీరలు పరిచి చూపించే పరుపు దగ్గర ఉండి తనూ నాలుగు చీరలు మడవాలి. పైగా ఒకటి అడగాలి, 'పెద్దమ్మగారూ, మీరు అనుకున్నదాంట్లో మా దగ్గర ఏది దొరకలేదు?' అని. పెద్దమ్మగారు దాచుకోరు, చెబుతారు. 'చిన్న బోర్డరు, గంధం రంగు, ఎనిమిది వేల లోపు.' ఇది రాసుకోండి.

ఇందాక పెట్టుబడి చీరలన్నాను కదా. అవి యాభై కావాలంటారు, ఒకే ధర, వేరువేరు రంగులు, ఏ ఇద్దరికీ ఒకటే రాకూడదు. ఈ బేరం లాభం తక్కువదే అయినా వదులుకోవద్దు, ఎందుకంటే ఆ యాభై చీరలు యాభై ఇళ్లకు మీ కవరులో వెళతాయి.

'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని బిల్లు మీద అచ్చు వేయించే అలవాటు ఇంకా పోలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువేమీ చెప్పకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోననడం తప్పుడు వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. రంగు నచ్చలేదంటే మార్చాలా వద్దా అన్నది మీ ఇష్టం. రంగు దిగింది, నేత చిట్లింది అంటే మీ ఇష్టం కాదు. అందుకని అమ్మేటప్పుడే నిజం చెప్పి బిల్లు మీద రాయండి. జరీ పాలిస్టరుదైతే పాలిస్టరు జరీ అని రాయండి. మన పక్క వెంకటగిరి చీర పేరు మీద మరమగ్గం చీర అంటగట్టొద్దు. చేనేత గుర్తు, పట్టుకు సిల్క్ మార్క్ ఉన్నవి వేరే ర్యాకులో, లేనివి వేరే ర్యాకులో. కస్టమరు అనుమానపడితే అంచు నుంచి ఒక పోగు తీసి కాల్చి చూపించండి. పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి, వేళ్లతో నలిపితే బూడిదవుతుంది. పాలిస్టరు కరిగి గట్టి పూసలా మిగులుతుంది. అగ్గిపుల్లతో అయ్యే పని.

స్టాఫు పన్నెండు గంటలు నిలబడతారు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే వీలు కల్పించాలని చట్టం చేశాయి. తడ దాటి తమిళనాడులోకి పోతే ఉన్న హక్కు ఇవతల లేకపోతే మనకే నామోషీ. చట్టం అడిగినా అడగకపోయినా సెక్షనుకు రెండు స్టూళ్లు వేయండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఎట్లాగూ జనం ఉండరు. సంక్రాంతికి ఊరెళ్లిన స్టాఫులో కొందరు తిరిగి రాకపోవడానికి జీతం ఒక్కటే కారణం అనుకుంటారు. కాళ్లు కూడా కారణమే. ఇక పాత సరుకు అమ్మితే చీరకు ఇంత అని కమిషను పెడతారు, మంచిదే. కానీ అదే పనిగా పెడితే వచ్చిన ప్రతివాళ్లకూ పాతదే చూపిస్తారు, 'ఈ షాపులో అన్నీ పాతవే' అన్న పేరు మూడు నెలల్లో వస్తుంది. వారానికి ఒక సెక్షనుకు మాత్రమే పెట్టండి. దొంగతనం గురించి పెద్దగా చెప్పను. ట్రయల్ రూముకు మూడు బట్టలు, మూడు అంకె ఉన్న టోకెను, బయటికి వచ్చేటప్పుడు లెక్క. దాంతోపాటు వారానికొక సెక్షను స్టాకు లెక్కపెడితే చాలావరకు ఆగుతుంది.

ఇందాక 'రాసుకోండి' అన్నాను కదా. ప్రశ్న కూడా వచ్చింది ముందు వరుస నుంచి, 'కంప్యూటరు ఉండగా పుస్తకం ఎందుకు' అని. కంప్యూటరుకు అమ్మినది తెలుసు, అమ్మలేకపోయినది తెలియదండీ. గంధం రంగు అడిగి వెళ్లిపోయిన పెద్దమ్మగారు ఏ రిపోర్టులోనూ ఉండరు. అందుకని 'లేదు పుస్తకం' ఒకటి పెట్టండి. నాలుగు గడులు. తారీఖు, ఏమడిగారు, సైజు లేదా రంగు, ఎంతలో. ఎవరు 'లేదు' అన్నా ఒక గీత రాయాలి. తక్కువ రాసినవాణ్ని మెచ్చుకోవద్దు, ఎక్కువ రాసినవాణ్ని తిట్టొద్దు, తిడితే మర్నాటి నుంచి ఖాళీ పుస్తకమే. చేతిలో ఉన్న డబ్బంతా మొదటి ఆర్డరులో పెట్టకండి, వందలో అరవై పెట్టి నలభై ఆపండి. ఆ నలభై ఈ పుస్తకం చెప్పినట్టు ఖర్చు పెట్టండి. మూడో వారం గంధం రంగు చీరలు పన్నెండు దిగుతాయి. పెద్దమ్మగారి ఫోన్ నంబరు ఉంటే ఒక ఫోను చేస్తారు. ఆమె ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని వస్తుంది. స్టాఫుకు ఆ రోజు 'ఉందక్కా' అని చెప్పడంలో ఉండే హుషారు కమిషనుతో వచ్చేది కాదు, గమనించి చూడండి.

ఇంకో ప్రశ్న, ఫోన్లో రాసుకోవచ్చా అని. రద్దీలో ఫోను తీస్తే మెసేజీలు చూస్తాడు, రాయడు. బిల్లింగ్ కౌంటరు పక్కన మేకుకు దారం కట్టి పెన్ను, నోటుపుస్తకం వేలాడదీయండి. సోమవారం పొద్దున షట్టరు ఎత్తాక, మొదటి బేరం రాకముందు, పది నిమిషాలు అందరూ నిలబడి పోయిన వారం గీతలు చదవండి. ఒకే మాట మూడుసార్లు కనిపిస్తే ఆ రోజే ఏజెంటుకు ఫోన్ చేయండి.